రోడ్డు లేని స్థలం కావలెను

కొండప్రాంత సంచార సేవల కార్యాలయానికి కొత్త టైర్లు వచ్చిన రోజున డ్రైవరు కూర్మయ్య నాలుగింటికీ కుంకుమ బొట్లు పెట్టాడు. పక్కనే ఉన్న పాత టైర్లు చిన్నబుచ్చుకున్నట్టు కనిపించాయి గానీ, నిజానికి చిన్నబుచ్చుకోవడానికి కూడా వాటి మీద ఏమీ మిగల్లేదు. అరిగి, కరిగి, తిరిగి తిరిగి అరటితొక్కలంత నునుపుదేరాయి. కొత్తవాటికేమో బొటనవేలంత బొడిపెలు. బురదను కరిచి పట్టుకునే రకం.

వాటిని తగిలించాల్సిన జీపు కూర్మయ్య కంటే వయసులో పెద్దది. నాలుగు చక్రాలూ ఒక్కసారే లాగే పాతకాలపు బండి. ఈ రోజుల్లో వచ్చే బళ్ళు మనిషిని చల్లగాలిలో కూచోబెట్టి, వాగు దాకా తీసికెళ్ళి, అక్కడ సెలవు పుచ్చుకుంటాయి. ఇది వాగు దిగి, వాగును తాగి, వాగు దాటి, అవతలి గట్టు మీద దగ్గి మరీ బయల్దేరుతుంది. దానికి కప్పు కాన్వాసు, తలుపుల బదులు తాళ్ళు, హారను బదులు కూర్మయ్య గొంతు. జీపు, జీతం, జీవితం, ఈ మూడింట్లో కూర్మయ్యను ఎన్నడూ నడిదారిలో వదిలెయ్యనిది జీపొక్కటే. ఒకే ఒక్కసారి వదిలేసినా, ఆ తప్పు టైర్లది.

అది రెండేళ్ళ నాటి మాట. ఆఫీసు నుంచి కొండమీది జీలుగువలసకు పందొమ్మిది కిలోమీటర్లు. మొదటి ఎనిమిది తారురోడ్డు. మిగతా పదకొండునూ రోడ్డంటే రోడ్డుకు కోపం వస్తుంది, గొయ్యంటే గొయ్యికి నామోషీగా ఉంటుంది. ఆ శ్రావణంలో బోడి టైర్లు వాగు గట్టెక్కలేక జారిపోతే, ఆ ఊరి సుక్కురు పెళ్ళాం సోంబారిని నొప్పులతో డోలీలో కిందికి మోసుకొచ్చారు. సోంబారి బతికింది. బిడ్డ దక్కలేదు. నర్సు కరుణమ్మ జీపు మెట్టు మీద కూచుని చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉండిపోయింది. ఆ మర్నాటి నుంచి కూర్మయ్య టైర్ల కోసం అర్జీలు పెట్టడం మొదలెట్టాడు. పెన్ను అరిగింది, చెప్పులు అరిగాయి, ఉన్న టైర్లు మరికాస్త అరిగాయి. చివరికి కొత్తవి వచ్చాయి. సోంబారికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. కరుణమ్మ లెక్క ప్రకారం ఆషాఢం చివర. ఇప్పుడు వైశాఖం. అంటే బోలెడంత వ్యవధి ఉన్నట్టు. మామూలు మనుషులకైతే.

కూర్మయ్య జాకీ తెచ్చి జీపు కింద దూర్చబోతుండగా సూపరింటెండెంటు లోకనాథం గారు నిబంధనల పుస్తకంతో ప్రత్యక్షమయ్యారు. లోకం తెలిసిన లోకనాథాలు కొందరుంటారు. ఈయనకు ఆ పుస్తకమే లోకం. అందులో నలభై ఒకటో నిబంధన ఇలా ఉంది: “రోడ్డేతర టైర్లను రోడ్డులేని స్థలమందు పరీక్షించి, ధ్రువీకరించిన పిమ్మటనే వాడవలెను. అవి రోడ్డులేని స్థలమందు మాత్రమే వాడదగును. రోడ్డు మీద వాడినచో అరుగుదలకు డ్రైవరు వ్యక్తిగతముగా బాధ్యుడగును.”

“టైరుక్కూడా పరీక్షేటి బాబూ? పదో తరగతి పాసవ్వాలేటి?” అన్నాడు కూర్మయ్య. సరే, పరీక్షే కావాలంటే అదెంత పని, జీలుగువలస దారెంట ఓసారి పోయొస్తాను, ఆ బురదలో నెగ్గుకొచ్చిన టైరు ఇంకెక్కడా ఓడిపోదు అని కూడా అన్నాడు.

లోకనాథం గారు అతన్ని వెంటబెట్టుకుని ప్రాంతీయాధికారి వరదాచార్యులు గారి గదికి వెళ్ళారు. వరదాచార్యులు గారు పొడుగాటి మనిషి, పొడుగాటి వాక్యం. కాగితం మీద రాసే భాషలోనే నోటితోనూ మాట్లాడతారు. భోజనాల బల్ల దగ్గర కూడా ‘సదరు పప్పు’ అంటారని వినికిడి.

“జీలుగువలసలో బురద ఎక్కడిది?” అన్నారాయన, నిజంగా ఆశ్చర్యపోయి. “సదరు గ్రామమునకు నాలుగేండ్ల కిందటనే తారురోడ్డు వేయబడి, పూర్తయినట్లు ధ్రువీకరింపబడి యున్నది.”

“ఎవులు సూసినారు బాబూ?”

“మేమే. ఏటేటా తనిఖీ చేయుచున్నాము.”

తనిఖీ అంటే బీరువాలోంచి ఆ రోడ్డు తాలూకు దస్త్రం తీసి, దుమ్ము దులిపి, తిరగేసి, సంతకం పెట్టి మళ్ళీ బీరువాలో పెట్టడం. ఆ దస్త్రంలో జీలుగువలస రోడ్డు అద్దంలా ఉంది. ఒక్క గుంట లేదు. పొయ్యాల్సిన తారు ఎక్కడ తారుమారైందో అందులో రాసి లేదు. ఆ రోడ్డు పుణ్యాన ఆ ప్రాంతమంతా ‘నూరు శాతం రహదారుల ప్రాంతం’గా ఎంపికై, కార్యాలయానికి ఇత్తడి షీల్డు కూడా వచ్చింది. అది అధికారి గారి తల వెనక గోడకు, దేవుడి చక్రంలా వెలుగుతోంది.

ఇప్పుడు చిక్కల్లా ఇదీ. టైర్ల పరీక్షకు రోడ్డులేని స్థలం కావాలి. రికార్డు ప్రకారం ఆ అధికార పరిధిలో రోడ్డులేని స్థలం లేదు. ఒకవేళ ఎక్కడైనా ఉందని ధ్రువీకరణ పత్రంలో రాస్తే షీల్డు కిందికి దిగుతుంది, దాని వెంట సంతకాలు పెట్టిన వాళ్ళూ దిగుతారు.

వెంటనే ‘రోడ్డేతర స్థలాన్వేషణ ఉపసంఘం’ వేశారు. ముగ్గురు సభ్యులు ఏడుసార్లు సమావేశమై పకోడీల సాక్షిగా చర్చించారు. ఏటి ఇసుకలో పరీక్షిద్దామంటే ఏరు నీటిపారుదల వారిది. అడవిలో అంటే చెట్టు చెట్టుకూ అటవీశాఖ వారు నంబరేసి ఉంచారు. పొలంలో అంటే రైతు కర్ర పుచ్చుకుని ఉంటాడు. ఆ లోగా జ్యేష్ఠం వచ్చేసింది. కూర్మయ్య ప్రతి సమావేశం గుమ్మం దగ్గరా నిలబడి సోంబారికి ఎన్నో నెలో చెప్పేవాడు. ఉపసంఘం ఆ విషయాన్ని ‘పరిశీలించడమైనది’ అని రాసుకునేది.

ఏడో సమావేశంలో వరదాచార్యులు గారు కళ్ళు మూసుకుని, తెరిచి, “లేనిచో నిర్మింతము” అన్నారు.

ఎక్కడో ఎందుకు, కార్యాలయ ఆవరణలోనే. గేటు నుంచి మెట్ల దాకా డెబ్భై మీటర్ల మేర సిమెంటు బాట, పక్కన బంతిమొక్కలు ఉండేవి. బాటను తవ్వి తీసెయ్యాలని, ఆ జాగాలో ప్రామాణికమైన బురద, గుంటలు, బండలు ఏర్పాటు చెయ్యాలని తీర్మానించారు. పని కాంట్రాక్టరు ముకుందరావుకు అప్పగించారు. జీలుగువలస రోడ్డు వేసినట్టు రికార్డైన మహానుభావుడు ఆయనే. ఈ పనికి తగిన అనుభవం ఉందా అని లోకనాథం గారు అడిగితే ఆయన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

“రోడ్డు లేకుండా చెయ్యడంలో మనకున్న అనుభవం ఈ జిల్లాలో ఇంకెవరికుంది సార్?”

బురద లోతు ఎంతుండాలన్నది మరో పెద్ద చర్చ. మోకాలి లోతన్నారు. ఎవరి మోకాలన్నది తేలలేదు. లోకనాథం గారి మోకాలు నేలకు దగ్గర, వరదాచార్యులు గారి మోకాలు ఆకాశానికి దగ్గర. హోదాను బట్టి అధికారి గారి మోకాలే ప్రామాణికమని నిర్ణయించి, టేపు పెట్టి కొలిచి, కొలత దస్త్రంలో చేర్చారు. పని అధికారి కిటికీ ఎదురుగానే కాబట్టి ముకుందరావు తప్పనిసరై నిజంగా చేశాడు. నిజంగా పని చెయ్యడం అలవాటు లేని చెయ్యి కావడంతో మోతాదు కాస్త మించింది. వారం తిరిగేసరికి గేటుకూ మెట్లకూ మధ్య, జీలుగువలస దారి కూడా చూసి చేతులెత్తి మొక్కేటంత దారుణమైన జాగా తయారైంది. బంతిమొక్కలు బంతాట ఆడి మాయమయ్యాయి.

పరీక్ష రోజున రిబ్బను కట్టారు. జీపు పాతకాలపుది కావడంతో పక్క కార్యాలయాల వాళ్ళు కూడా వచ్చి దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. నిన్నటిదాకా ‘తుక్కు’ అన్న నోళ్ళే ఆ రోజు ‘అపురూపం’ అన్నాయి. కూర్మయ్య ఇవేవీ పట్టించుకోకుండా వంగి ఒక్కో టైరులోంచీ కాస్త గాలి తీస్తున్నాడు. బురదలో టైరు మెత్తగా ఉంటే పరుచుకుని పట్టు చిక్కుతుంది. ఆ సుయ్ మన్న చప్పుడు విని లోకనాథం గారు పరుగున వచ్చారు. అది కార్యాలయపు పంపుతో కొట్టిన ప్రభుత్వ గాలి అనీ, పథకాలను గాలికి వదిలెయ్యడానికి పద్ధతి ఉంది గానీ గాలినే వదిలెయ్యడానికి ఏ పద్ధతీ లేదనీ ఆయన అభ్యంతరం. గాలి వ్యవహారం ఇరవై నిమిషాలు నడిచింది. చివరికి అధికారి గారు వదిలిన గాలికి అనంతర ఆమోదం ఇస్తానన్నారు.

కూర్మయ్య ఎక్కి, చిన్న గేరుకడ్డీ వెనక్కి లాగాడు. ముందు చక్రాలు కూడా పనిలోకి దిగాయి. జీపు ఒక్కసారి మూలిగి, దున్నపోతు మడుగులోకి దిగినంత ధీమాగా దిగింది. బొడిపెలు బురదను పట్టుకున్నాయి. ఎక్కడా జారలేదు, ఎక్కడా ఊరికే తిరగలేదు. మొదటి గుంట, రెండో గుంట, బండలు, మళ్ళీ గుంట. స్టీరింగు లోంచి చేతుల్లోకి ఆ పట్టు తెలుస్తుంటే కూర్మయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ టైర్లే ఆ రోజు ఉండి ఉంటే అనుకున్నాడు. మెట్ల దగ్గర జీపు ఆగేసరికి ఉపసంఘం ముగ్గురి మీదా తలా ఒక తట్టెడు ప్రామాణిక బురద పడింది. టైర్లు నెగ్గినట్టు రుజువైంది.

మూడో రోజున ధ్రువీకరణ పత్రం వచ్చింది. అందులో చివరి పేరా చదివి వినిపించింది కరుణమ్మ. సదరు టైర్లు రోడ్డులేని స్థలమందు మాత్రమే వాడదగును. ఈ అధికార పరిధిలో రోడ్డులేని స్థలముగా ధ్రువీకరింపబడినది కార్యాలయ ఆవరణ ఒక్కటే. కావున సదరు టైర్లు ఆవరణలో మాత్రమే వాడవలెను. జీలుగువలస మొదలగు రోడ్డుగల గ్రామములకు పాత టైర్లతో వెళ్ళవలెను.

“మంచి టైర్లు మీ గుమ్మానికి, బోడి టైర్లు మా కొండకా బాబూ?” అని కూర్మయ్య అడిగాడు.

“కొండకు రోడ్డున్నది కదయ్యా” అన్నారు వరదాచార్యులు గారు, ఎంతో జాలిగా.

ఆనాటి నుంచి గేటు దగ్గర అడ్డంగా సున్నంతో ఒక గీత గీశారు. గీతకు ఇవతల ఆవరణ, అవతల రోడ్డు ప్రపంచం. జీపు బయటికి వెళ్ళాలంటే గీత దగ్గర ఆగి, కొత్త టైర్లు నాలుగూ విప్పి పాతవి బిగించాలి. తిరిగొచ్చినప్పుడు పాతవి విప్పి కొత్తవి బిగించాలి. చక్రానికి ఐదు నట్లు, నాలుగు చక్రాలకు ఇరవై. ఒక్కో మార్పిడికీ గంట. కూర్మయ్య పేరులోని కూర్మం అప్పటికి గానీ పైకి రాలేదు.

వానలు మొదలయ్యాయి. మోకాలి లోతు బురద నడుం దాకా ఎదిగింది. సిబ్బంది గేటు దగ్గరే ఆగిపోవలసి రావడంతో, వాళ్ళను గేటు నుంచి మెట్ల దాకా చేరవెయ్యడమే జీపు ముఖ్య విధి అయిపోయింది. ఓ రోజు జీపు కోసం ఆగలేక నడిచిన లోకనాథం గారి చెప్పు బురదలో పోయింది. పోయింది చెప్పు, చెప్పుకోలేకపోవడం బాధ. ఆవరణ దుర్గమంగా ఉందని రాస్తే, ఎవరు చేయించారనే ప్రశ్న వస్తుంది మరి.

ఆషాఢం మూడో వారంలో ఒక ఉదయం పదిన్నరకు సుక్కురు గేటు దగ్గర కనిపించాడు. కొండ దిగి పరిగెత్తుకొచ్చాడు. మొలదాకా బురద. సోంబారికి తెల్లారగట్ల నుంచి నొప్పులట, ఊరి ముసలమ్మ చెయ్యి వేసి చూసి తల అడ్డంగా ఊపిందట. కరుణమ్మ సంచీ పుచ్చుకుని అప్పటికే జీపులో ఉంది.

కూర్మయ్య గేటు దగ్గర జీపు ఆపి జాకీ దించాడు. జాకీ నేలలోకి దిగిపోయింది. కింద చెక్క పెట్టాడు. చెక్కతో సహా దిగిపోయింది. లోకనాథం గారు గొడుగు పట్టుకుని దగ్గరుండి చూస్తున్నారు, టైర్లు మారకుండా బండి గీత దాటకూడదని.

కూర్మయ్య నిటారుగా లేచి నిలబడ్డాడు. “గీతెక్కడుంది బాబూ?” అన్నాడు.

లోకనాథం గారు వంగి చూశారు. రాత్రి వానకు సున్నం కొట్టుకుపోయింది. ఇవతలా బురదే, అవతలా బురదే.

“ఇక్కడే ఎక్కడో ఉండాలి.”

“మరైతే ఆవరణ ఎక్కడ ఆగినాదో ఆలోసించి ఉంచండి. నానీలోగా ఎల్లొచ్చీస్తాను.”

జీపు కదిలింది. లోకనాథం గారు గీత కోసం వెతుకుతూ అక్కడే ఉండిపోయారు.

ఆ ప్రయాణం గురించి కూర్మయ్య తరవాత ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. వాగు బోనెట్టు దాకా వచ్చిందని, బండి ఊగిందే గానీ టైర్లు పట్టు వదల్లేదని మాత్రం అన్నాడు. సోంబారిని ఎక్కించుకుని తిరిగొస్తుంటే వాగు దాటాక మలుపులో కరుణమ్మ “ఆపు కూర్మయ్యన్నా” అంది. అతను ఇంజను ఆపి, దిగి, జీపుకు వీపు పెట్టి నిలబడ్డాడు. సుక్కురు కాన్వాసు అంచు పట్టుకుని వాన లోపల పడకుండా ఆపుతున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. లోపలి నుంచి ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, చిరాగ్గా పెరిగి, జీపుకు ఎన్నడూ లేని హారనులా కొండంతా మోగింది. ఆడపిల్ల. కూర్మయ్య వంగి ముందు టైరు మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచాడు.

మూడో నాడు అతనికి మెమో వచ్చింది. రోడ్డేతర టైర్లను జీలుగువలస తారురోడ్డు మీద నడిపినందున ఎందుకు సస్పెండు చేయరాదో లిఖితపూర్వకముగా తెలుపవలెను.

జవాబు అతను చెప్తుంటే కరుణమ్మ రాసింది. రెండే వాక్యాలు: ‘జీలుగువలసకు రోడ్డు లేదు. కనుక రోడ్డు లేని చోట వాడే టైర్లతో వెళ్ళితిని.’

ఆ కాగితం చూసి లోకనాథం గారికి ముచ్చెమటలు పట్టాయి. జీలుగువలసకు రోడ్డు లేదన్న మాట ఆయన చెవిన వెయ్యిసార్లు పడింది. చెవికి నంబరుండదు. కాగితానికి ఉంటుంది. నంబరు వేస్తే అది రికార్డు. రికార్డులో రోడ్డు ఒక చోట ఉండి, ఇంకో చోట లేకపోతే ఎవరో వచ్చి చూస్తారు. చూస్తే ఇక చెప్పేదేముంది. ఆయన ముద్ర వెయ్యకుండానే కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అధికారి గదికి పరిగెత్తారు. కూర్మయ్యను పిలిపించారు.

“సదరు సంజాయిషీని నీవు ఉపసంహరించుకొనుట సముచితము” అన్నారు వరదాచార్యులు గారు. ఆయన లేచి తలుపు వేసి వచ్చి, సర్వీసులో మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. “తీసేసుకో నాయనా. నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది.”

“తీసుకుంటాను బాబూ. మీ మెమో మీరు తీసీసుకోండి. టైర్లు మాత్తరం నాను ఇప్పను.”

“మరి ఆ రోజు జీపు ఎక్కడికెళ్ళినట్టు రాయను? మైళ్ళు తిరిగినట్టు మీటరు చెబుతోందే” అన్నారు లోకనాథం గారు. ఆయన బాధ ఆయనది.

“గీత దొరికినాదేటి బాబూ మీకు?”

లోకనాథం గారు మెల్లగా పుస్తకం తెరిచి, పైకే తర్కించారు. ఆవరణ హద్దు సున్నపు గీత. గీత వర్షమునకు చెరిగినది. తిరిగి గీయువరకు ఆవరణ ఎచట ముగియునో నిర్ధారించుటకు వీలులేదు. కావున జీపు ఆవరణ దాటినదనుటకు ఆధారము లేదు. గదిలో ముగ్గురూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. సున్నం కొనుగోలు వానాకాలం పోయాక ఆలోచించవచ్చునని అధికారి గారు అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు.

లాగ్‌బుక్కులో ఆ తేదీకి ఎదురుగా ఇలా నమోదైంది: ‘ఆవరణలో తిరిగినది, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు.’

ఇక జీపు ఆవరణలోనే ఉన్నప్పుడు, జీపులో పుట్టిన పిల్ల ఇంకెక్కడ పుట్టినట్టు? పుట్టిన చోటు అన్న గడిలో ‘ప్రాంతీయ కార్యాలయ ఆవరణ, రోడ్డులేని స్థలము’ అని రాసి సుక్కురు చేతికి పత్రం ఇచ్చారు. కరుణమ్మ అతనికి చదివి చెప్పింది.

“మా గుంటపిల్ల ఆపీసులో పుట్టినాదేటి సిస్టరమ్మా?”

“కాయితం అలాగే సెప్తంది.”

“అయితే పింఛనొస్తాదేటి?”

ఆ వానాకాలమంతా జీపు కొత్త టైర్లతో రోజూ ఆవరణలోనే తిరిగింది. రెండు నెలల్లో, డెబ్భై మీటర్ల ఆవరణలో తొమ్మిది కాన్పులు, అరవైకి పైగా మలేరియా జ్వరాలు, మూడు పాముకాట్లు, ఒక ఎలుగుబంటి దాడి నమోదయ్యాయి. పై కార్యాలయం వారు బెంబేలెత్తి, మీ ఆవరణలో పరిస్థితి ఏమిటని తాఖీదు పంపారు. ‘అదుపులో ఉన్నది’ అని లోకనాథం గారు జవాబు రాశారు. ఎలుగుబంటి గురించి విడిగా అడిగితే, దానికి సందర్శకుల పాసు ఇవ్వలేదని తెలియజేశారు.

భాద్రపదంలో ఓ పొద్దున్న కూర్మయ్య లాగ్‌బుక్కు తీసుకుని సంతకానికి వెళ్ళాడు. వరదాచార్యులు గారు కళ్ళజోడు సవరించుకుని పేజీ చూశారు.

“నేడు కూడా ఆవరణలోనేనా?”

“ఆవరణలోనే బాబూ. కొండమీదోళ్ళకి జొరాలు తగిలినాయంట.”

ఆయన సంతకం పెట్టి, పుస్తకం మూసి, వెంటనే ఇవ్వకుండా చేత్తోనే పట్టుకున్నారు. కిటికీ బయట వాన సన్నబడింది.

“చూసి వెళ్ళు” అన్నారు. “ఆవరణలో పెద్ద మలుపు దగ్గర కొండచరియ జారిందని విన్నాను.”